సాహెబ్ గారి మూడో అంకె

పక్కింటివాళ్ళ అమ్మాయి పెళ్ళని పొద్దున్నే మా సందుకు అడ్డంగా షామియానా వేశారు. మధ్యాహ్నం మాత్రలు తెచ్చుకుందామని బయలుదేరి దాని కిందుగా నడుస్తున్నాను. కడప ఎండకు గుడ్డ కాగి కాగి ఒక వాసన వేస్తోంది. పాత గోనెపట్టా, కిరసనాయిలు, ఎండిన గంజి, మూడూ కలిసిన వాసన. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. తాళ్ళు బిగిస్తున్న మనిషి నన్ను చూసి, "ఏం పెద్దాయనా, కండ్లు తిరుగుతాండాయా?" అని ఒక కుర్చీ లాగి వేశాడు. లేదు నాయనా అంటే వినలేదు. సరే, కూర్చున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చాలా ఆఫీసులు చూశాను గాని, ఆ వాసన వేసే ఆఫీసు ఒక్కటే. అది కర్నూల్లో గుడారం కింద నడిచిన వాన లెక్కల ఆఫీసు. హుసేన్ సాహెబ్ గారు దానికి పెద్ద. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయాల్సినవాణ్ణి నేనే, ఇన్నాళ్ళూ బద్ధకించాను. బద్ధకం నాకు కొత్త కాదని ఇది చదివితే మీకే తెలుస్తుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని అయితే వచ్చింది గాని, ఆఫీసులకు ఇళ్ళేవి? ఎక్కడ చూసినా గుడారాలే. అందులో ఒక మూల గుడారంలో రెండు బల్లలు, గోడలాంటి పట్టాకు గుండుసూదులతో గుచ్చిన పెద్ద పటం, గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద నాపరాయి ముక్కలు. సాహెబ్ గారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల పైజమా, నల్ల కోటు, మేలో కూడా ఆ కోటు విప్పేవారు కాదు. ఆయన చేసే పని బయటివాళ్ళకు చెబితే నవ్వేవాళ్ళు. ప్రతిరోజూ మద్రాసు నుంచి వాతావరణం తంతి వస్తుంది, రాయలసీమలో రేపు ఎక్కడెక్కడ ఎంత వాన పడవచ్చునని. దాన్ని బట్టి ఆయన పటం మీద ఒక్కొక్క తాలూకా దగ్గర పెన్సిలుతో ఒక అంకె వేస్తారు. మరునాడు తాలూకాల నుంచి రెయిన్‌గేజి లెక్కలు వస్తాయి, నిజంగా ఎంత పడిందో. వాటిని సిరాతో పక్కన వేస్తారు. ఆ రెండూ ఎప్పుడూ కలవవు. అప్పుడాయన ఎర్ర పెన్సిలు తీసుకుని, ఆ రెంటికీ మధ్యన మూడో అంకె వేస్తారు. ఏటికి నీళ్ళొస్తాయా, చెరువు నిండుతుందా అని ఎవరు అడిగినా ఆ మూడో అంకె చూసే జవాబు చెప్పేవారు.

కళ్ళారా చూసి కొలిచిన లెక్క చేతికి వచ్చాక, మద్రాసులో కూర్చుని ఊహించినవాళ్ళ అంకెను మధ్యలో కలపడమెందుకని మీరడగవచ్చు. నేనూ అడిగాను. కొలిచినవాడు నాలాంటివాడైతే ఏం చేయాలో ఆయనకు తెలుసు కాబట్టి.

నేనప్పుడు రాయచోటి తాలూకా ఆఫీసులో గుమాస్తాను. పేరు నరసింహులు, వయసు ఇరవై నాలుగు, కొత్తగా బిడ్డ పుట్టింది, ఇల్లు ఊరికి రెండు మైళ్ళ దూరం. ఆఫీసు ఆవరణలో కంచె మధ్య రెయిన్‌గేజి ఉండేది. పైన గరాటు, కింద సీసా. రోజూ పొద్దున ఎనిమిదింటికి సీసాలో నీళ్ళను కొలత గ్లాసులో పోసి, ఎన్ని అంగుళాలో రాసి కర్నూలుకు పంపాలి. రాయచోటిలో వాన కొలవడానికి మనిషిని పెట్టడం బట్టతలకు దువ్వెన కొనిచ్చినట్టని నా అభిప్రాయం. ఏ సున్నాను కొలవడానికి నేను ఏడింటికి ఇల్లు వదలాలి? కాఫీ హోటల్లో రేడియో ఉండేది. సాయంత్రం దాంట్లో మద్రాసువాళ్ళ వాతావరణం చెప్పేవాళ్ళు. పొడిగా ఉంటుందంటే మరునాడు పదింటికి వచ్చి సున్నా వేసేవాణ్ణి. అక్కడక్కడ జల్లులంటే పన్నెండు సెంట్లో, పదిహేను సెంట్లో, నా దయ ఎంతుంటే అంత రాసేవాణ్ణి. అంగుళంలో నూరోవంతును సెంటు అనేవాళ్ళం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మూడు నెలలు అలా గడిపాను.

ఒకరోజు పదింటికి ఆఫీసుకు వచ్చేసరికి రెయిన్‌గేజి కంచె పక్కన బండరాయి మీద ఒక ముసలాయన గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు. అడంగల్ నకలు కోసం వచ్చిన రైతేమో అనుకుని, తాసీల్దారు గారు క్యాంపులో ఉన్నారు, రేపు రమ్మని చెప్పాను. ఆయన తలూపాడు. నేను లోపలికి పోయి రిజిస్టరు తీసి, ఎనిమిది గంటలు, సున్నా అని రాసి సంతకం పెట్టి తలెత్తితే ఆయన నా బల్ల ముందు నిలబడి ఉన్నారు. కర్నూలు నుంచి హుసేన్‌నని చెప్పారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను బయటికి తీసుకుపోయి గరాటు ఎత్తి చూపించారు. దాని బెజ్జానికి అడ్డంగా కందిరీగలు మట్టితో గూడు కట్టాయి. రాయిలా గట్టిపడి ఉంది.

"ఈ గూడు కట్టి ఎన్ని దినాలయిండొచ్చప్పా?" అన్నారు.

నిన్ననే కట్టి ఉంటాయి సార్ అన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు.

"మూడు నెలల్లో పదకొండు దినాలు వాన పడిందని రాసినావు. ఆ నీళ్ళు సీసాలోకి యాడ నుంచి దిగినాయి?"

ఉద్యోగం పోయిందనుకున్నాను. బిడ్డ, భార్య, ఊళ్ళో పరువు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆయన మాత్రం ఆ బండ మీదే కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. నన్ను ఎలా పట్టుకున్నారో చెప్పారు. మిగతా తాలూకాల లెక్కల్లో తప్పులుంటాయట. ఒకడు ఎక్కువ రాస్తాడు, ఒకడు తక్కువ రాస్తాడు. నా లెక్క మాత్రం మద్రాసు మాటతో ప్రతిరోజూ అతికినట్టు సరిపోయింది. మూడు నెలల్లో ఒక్క తప్పు లేని మనిషిని చూడాలనిపించి ఒక రోజంతా బస్సుల్లో ఊగుతూ వచ్చారట. ఆ తరవాత చెప్పిన మాట నేను ఈనాటికీ మరచిపోలేదు.

"నువ్వు ఎద్దును కొనేకి పోయినావనుకో. అమ్మేటోడు నాలుగేండ్లదంటాడు, దళారి అయిదేండ్లదంటాడు. ఇంతకు ముందు ఎవురు ఎంతెంత అబద్ధం చెప్పినారో చూసుకొని, తక్కువ అబద్ధాలోని పక్కకు కొంచెం జరుగుతావు. అదీ మన పని. ఇద్దరూ తప్పే చెప్పినా, ఎవురి తప్పు వానిదయితే మనకు దారి దొరుకుతాది. అట్ల గాకుండా వాళ్ళిద్దరూ ముందే హోటల్లో కూచొని మాట్లాడుకొనొచ్చి నాలుగేండ్లే అనిరనుకో, నువ్వు ఇద్దరు చెప్పినారనుకుంటావు. చెప్పింది ఒకడే. మద్రాసోళ్ళు తప్పు చెప్పిన దినం గూడా నువ్వు ఔనంటివి. నిన్ను చూసి నేను వాళ్ళను ఎక్కువ నమ్ముకుంటా పోతి."

వాన లేని ఊళ్ళో ఒక సున్నా రాస్తే ఎవరికేం నష్టమని అంతవరకూ అనుకున్నాను. నా సున్నా కర్నూలు దాకా పోయి ఒక మంచి మనిషిని మోసం చేసిందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది. ఉద్యోగం తీసేయమని పైకి రాస్తారా అని అడిగాను. రాయనన్నారు. కోటు జేబులోంచి ఒక పుస్తకం తీశారు. అందులో ప్రతి తాలూకాకు ఒక పేజీ, మద్రాసుకు ఒక పేజీ, చివర తనకూ ఒక పేజీ. ఎవరు ఎప్పుడు ఎంత తప్పారో వరసగా రాసి ఉంది. పేజీ పైన అణాల్లో ఒక లెక్క. రూపాయికి పదహారణాలు కదా, మద్రాసు మాటకూ కొలిచినవాడి మాటకూ కలిపి పదహారణాల నమ్మకం. అందులో ఎవరి వాటా ఎంతో ఆ పేజీ చెబుతుంది. నా పేజీలో పదకొండణాలు కొట్టేసి, రెండని వేశారు.

"ఈ పొద్దు నుంచి నీకు రెండణాలు. మద్రాసుకు పద్నాలుగు. పెంచుకునేది, పోగొట్టుకునేది నీ చేతిలో ఉండాది" అన్నారు.

తిట్టి ఉంటే రెండు రోజుల్లో మరచిపోయేవాణ్ణి. ఆ రెండణాలు మాత్రం నన్ను కాల్చాయి. రోజూ పొద్దున ఆరున్నరకే ఇల్లు వదిలేవాణ్ణి. నా భార్య సుబ్బమ్మ, "ఆ డబ్బా కాడ ఏముందని అట్ల పరిగెత్తుతావు?" అని నవ్వేది. ఏముంటుంది, సున్నా ఉంటుంది. కాని అది నేను చూసిన సున్నా. నా మాటను ఆ పెద్దమనిషి మళ్ళీ మనిషి మాటగా తీసుకోవాలి, అంతకు మించి నాకు ఏ కోరికా లేకపోయింది. ప్రమోషను మీద కూడా అంత ఆశ పడలేదంటే నమ్మండి.

ఆ వేసవిలో పని నేర్చుకోమని పదిహేను రోజులు కర్నూలుకు పిలిపించారు. పగలంతా గుడారం పెనంలా కాలేది. ఆయన పక్కన కూర్చుని పాత లెక్కలు తిరగేసి అణాలు కట్టేవాణ్ణి. పొద్దున బొరుగుల ఉగ్గాని పొట్లం తెచ్చుకుని నాకూ, అక్కడి గుమాస్తా ఓబులయ్యకూ సమానంగా పంచేవారు. మద్రాసువాళ్ళను నేనొకసారి వెక్కిరించబోతే ఆయనకు కోపం వచ్చింది. వాళ్ళకు దేశమంతా కనపడుతుంది, రాయచోటి కనపడదు. నీకు రాయచోటి తప్ప ఏమీ కనపడదు. ఇద్దరూ సగం గుడ్డివాళ్ళే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాల్సిందేనని ఆయన వాదం. లెక్కల పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లున్నాయని, సూత్రాలున్నాయని ఆ తరవాత ఎప్పుడో విన్నాను. సాహెబ్ గారు చదివింది ఎస్సెల్సీ.

ఒక ఆదివారం పాతబస్తీలో వాళ్ళింటికి భోజనానికి తీసుకుపోయారు. ఆయన భార్యను మేమంతా బీబమ్మ అనేవాళ్ళం. ఆమె అన్నం వడ్డిస్తూ ఆయన పరువంతా నా ముందు పెట్టింది. కిందటేడు మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ, వాన వస్తుందా అని ఈయన్ని అడిగిందట. రాదన్నారట. మధ్యాహ్నానికి వాన కొట్టి కాయలన్నీ బూజు పట్టిపోయాయి. అప్పటినుంచి ఆమె పాలాయన్నే అడుగుతోంది. "పాలాయనకు పదణాలు ఇచ్చినా, ఈయనకు ఆరు" అంది నాతో. సాహెబ్ గారు తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ, ఆరు ఎక్కువేనన్నారు. తరవాత చూస్తే ఆయన పేజీలో ఆ మిరపకాయల వాన నిజంగానే రాసి ఉంది. ఆ మధ్యాహ్నం ఆయన మీద నాకు భయం పోయింది, ప్రేమ పుట్టింది.

ఏడాది తిరిగేసరికి నా రెండణాలు ఎనిమిదయ్యాయి. నెలకొకసారి కార్డు వచ్చేది, నాలుగు, ఐదు, ఆరున్నర అని. ఎనిమిదని వచ్చిన రోజు సుబ్బమ్మ పాయసం చేసింది. సంగతేమిటో ఆమెకు పూర్తిగా అర్థం కాలేదు గాని, నా ముఖం చూసి చేసింది.

ఆ అక్టోబరులో ఒకనాడు తెల్లవారుజామున రాయచోటి మీద వాన విరుచుకుపడింది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసి, ఏడింటికి ఆగింది. వంకలన్నీ పొంగాయి. నేను మోకాలి లోతు నీళ్ళలో ఆఫీసుకు చేరాను. ఎనిమిదింటికి రెయిన్‌గేజి తెరిస్తే సీసా నిండి, బయటి డబ్బాలోకి కూడా పొర్లి ఉంది. ఒక గ్లాసంటే ఒక అంగుళం. ఒకటి పోశాను, రెండు పోశాను. మూడోసారి తడిచేతిలోంచి గ్లాసు జారి బండ మీద పడి పగిలింది.

ఊరికి దిగువన, ఒక పూట నడకలో, మా ఏటి ఇసుకలోనే అప్పుడు ఎద్దుల పరుష, అదే సంత, జరుగుతోంది. నాలుగైదు వందల మంది, బండ్లు, ఎద్దులు, ఆడవాళ్ళు, పిల్లలు ఇసుకలోనే దిగి ఉన్నారు. అక్కడ చినుకు లేదు, మబ్బు కూడా లేదు. పైన పడిన నీళ్ళు మధ్యాహ్నానికి అక్కడికి దిగుతాయి. పరుష ఎత్తించాలంటే కడప కలెక్టరాఫీసు నుంచి జీపులో మనుషులు రావాలి. వాళ్ళు కర్నూలు మాటకు తప్ప గుమాస్తా మాటకు కదలరు. కర్నూలు మాటంటే సాహెబ్ గారి మూడో అంకె. మా తాలూకాకు ఆ అంకె మూడంగుళాలు దాటితే ఏరు నిండుగా వస్తుందని ఆయన పాత లెక్కలన్నీ చూసి కట్టిన కొలమానం.

పరిగెత్తి ఆసుపత్రికి పోయి కాంపౌండరును బతిమాలి మందులు కొలిచే ఔన్సు గ్లాసు తెచ్చాను. మిగిలిన నీళ్ళు దాంతో కొలిస్తే ముప్పై ఆరు ఔన్సులు. ఒక అంగుళానికి ఎన్ని ఔన్సులు? ఎవరికి తెలుసు? పగిలిన గ్లాసు ముక్కల వైపు చూసి, కంటి అంచనాతో ఎనిమిది అనుకున్నాను. అంటే నాలుగున్నర. ముందు రెండు కలిపితే ఆరున్నర. పోస్టాఫీసుకు పోయి, రాయచోటి ఆరున్నర అంగుళాలు అని తంతి ఇచ్చాను. గ్లాసు పగిలిందని అందులో రాయలేదు. తొందర వల్ల కాదు. ఒకసారి అబద్ధమాడినవాణ్ణి, పగిలిన గ్లాసుతో ఇంత పెద్ద అంకె చెబితే నమ్మరేమోనన్న భయంతో కావాలనే దాచాను.

కర్నూల్లో ఏం జరిగిందో ఓబులయ్య తరవాత చెప్పాడు. మద్రాసు తంతిలో చిన్న జల్లులన్నారు. సాహెబ్ గారు పెన్సిలుతో అర అంగుళం వేసి పెట్టుకున్నారు. చుట్టుపక్కల తాలూకాల్లో వాన లేదు. అంతకు ముందు సంవత్సరం ఒకసారి ఏరొస్తుందని చెబితే రాలేదు, కడప నుంచి ఆయన మీద ఫిర్యాదు కూడా పోయి ఉంది. రిటైరు కావడానికి ఆరు నెలలుంది. ఇంకోసారి తప్పితే మర్యాదగా ఇంటికి పోనివ్వరు. ఇన్ని తెలిసి, ఈ నరసింహులు పాత దొంగ గదా సాహెబ్ అని ఓబులయ్య అన్నాడట.

"దొంగ సాక్ష్యం చెప్పేటోడు పదిమంది చెప్పిందే చెప్తాడు. ఈ పొద్దు వాడు ఒక్కడే వేరే చెప్తాండాడు" అన్నారట సాహెబ్ గారు.

అలాగని నా ఆరున్నరనూ పట్టుకోలేదు. ఎనిమిదణాలు నాకు, ఎనిమిదణాలు మద్రాసుకు. ఆరున్నర, అర కలిపితే ఏడు, అందులో సగం మూడున్నర. ఎర్ర పెన్సిలుతో మూడున్నర వేసి, కడపకు తంతి కొట్టించారు. జీపు పోయింది, తప్పెట కొట్టించి పరుషంతా గట్టెక్కించారు. ఎండలో ఏమి వరద అని జనం తిట్టుకుంటూనే కదిలారట. మూడు గంటలకు ఏరు గట్లంచు దాకా వచ్చింది. రెండు బండ్లు, కొన్ని గొర్రెలు పోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు.

తాసీల్దారు గారు ఆఫీసులో అందరి ముందూ నాకు దండ వేశారు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. గ్లాసు సంగతి కడుపులోనే ఉంది. సొంతంగా డబ్బు పంపి మద్రాసు నుంచి కొత్త గ్లాసు తెప్పించుకున్నాను. మూడు వారాలకు అది వచ్చిన రోజు, ఎందుకో మనసాగక, ఆసుపత్రి గ్లాసుతో ఎనిమిది ఔన్సులు అందులో పోశాను. అంగుళం గీత చాలా పైన ఉండిపోయింది. ఇంకా పోశాను. పదకొండు ఔన్సులు దాటితే గాని అంగుళం కాలేదు. కాగితం తీసి లెక్క కట్టాను. ఆనాడు పడింది ఆరున్నర కాదు, దాదాపు ఐదుంపావు. ఆ అంకెతో సాహెబ్ గారి లెక్క మళ్ళీ వేశాను. ఐదుంపావు, అర, అందులో సగం. మూడుకు లోపే.

నేను సరిగ్గా కొలిచి నిజం చెప్పి ఉంటే మూడో అంకె మూడు దాటేది కాదు. కడపకు తంతి పోయేది కాదు. ఆ పిల్లలంతా ఇసుకలోనే ఉండేవాళ్ళు. నా తప్పు వల్లే వాళ్ళు బతికారు. ఈ సంగతి చెబితే ఎనిమిదణాలు మళ్ళీ రెండవుతాయి, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సుబ్బమ్మతో చెప్పాను. "జనం బతికినారు గదా, మానిన పుండును గీరేదెందుకు?" అంది. నాకూ అదే న్యాయంగా తోచింది. ఒక వారం అలాగే ఉన్నాను. అన్నం సయించలేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి పంపే లెక్క కింద సంతకం పెడుతుంటే చెయ్యి మొండికేసింది. ఎనిమిదో రోజు సెలవు పెట్టి కర్నూలు బస్సెక్కాను.

సాహెబ్ గారు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. మంచం మీద గోడకానుకుని కూర్చుని, ఏమప్పా ఇంత దూరం వచ్చినావని సంతోషంగా అడిగారు. బీబమ్మ టీ తెచ్చింది. నేను టీ ముట్టుకోకుండా గ్లాసు పగిలిన దగ్గరనుంచి ఐదుంపావు దాకా అంతా చెప్పేశాను. నిజం చెప్పి ఉంటే మీరు తంతి ఇచ్చేవారు కాదని కూడా చెప్పాను. దాచడం తప్పేనని, నమ్మరేమోనని దాచానని, నన్ను ఏం చేసినా సరేనని ఏడ్చాను. ఇరవై ఐదేళ్ళ మగవాణ్ణి, బీబమ్మ ముందే ఏడ్చాను.

ఆయన పుస్తకం తెమ్మన్నారు. నా చేత రాయచోటి పేజీలో ఆ రోజు వరస తీయించి, ఆరున్నరను కొట్టేసి ఐదుంపావు వేయించారు. అందరూ మెచ్చుకున్న మూడున్నరను ఆయనే కొట్టేశారు. దుప్పటి మీద పుస్తకం పెట్టుకుని చాలాసేపు లెక్క వేశారు. ఆ తరవాత తన పేజీ తీసి ఏదో రాసుకున్నారు. ఏం రాశారని అడిగాను.

"నా తప్పు రాసుకుంటి" అన్నారు. "నువ్వు ఏడాది పొడుగునా నిజం రాస్తే నీకు ఎనిమిదణాలు ఇస్తి. లెక్క ప్రకారం నీకు పన్నెండు రావల్ల. పాత కోపం మనసులో పెట్టుకొని నాలుగు పట్టుకుంటి. పన్నెండు ఇచ్చింటే నీ ఐదుంపావుకే అంకె నాలుగు దాటేది. నీ గ్లాసు ఎక్కువ చెప్పె, నా అణాలు తక్కువ చెప్పె. రెండు తప్పులు గుద్దుకొని జనం బతికిరి. అల్లా దయ. ఇంకోసారి అట్ల బతకగూడదప్పా."

నా పేజీలో ఎనిమిది కొట్టేసి పన్నెండు వేశారు. గ్లాసు దాచినందుకు తగ్గించరా అని అడిగాను. దాచింది నరసింహులు, చెప్పింది కూడా నరసింహులే, రెండూ లెక్కలోకి వచ్చాయన్నారు. మరి పదహారెప్పుడిస్తారని అడగబోయి ఊరుకున్నాను. నా ముఖంలో కనపడిందేమో, పదహారు ఎవరికీ ఇవ్వను, నాకు కూడా ఇచ్చుకోలేదని నవ్వారు. టీ చల్లారిపోయిందని బీబమ్మ నన్ను కోప్పడి మళ్ళీ కాచి తెచ్చింది.

ఆరు నెలలకు ఆయన రిటైరయ్యారు. రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు విప్పేశారు, ఆ ఆఫీసూ పోయింది. నేను మాత్రం రెయిన్‌గేజిని వదలలేదు. రాయచోటి నుంచి కడపకు బదిలీ అయినా, పై ఉద్యోగం వచ్చి కొలిచే పని నాది కాకపోయినా, రిటైరయ్యేదాకా పొద్దున ఎనిమిదింటికి గ్లాసు నేనే పట్టుకున్నాను. కింది గుమాస్తాలు మమ్మల్ని నమ్మరా సార్ అని నొచ్చుకునేవాళ్ళు. వాళ్ళను నమ్మేవాణ్ణి. వచ్చిన పన్నెండణాలు పోకూడదని ఒక భయం, రాని నాలుగణాల తప్పు నాలో ఇంకా ఎక్కడ దాక్కుని ఉందోనని ఒక భయం. ఆ రెండూ సాహెబ్ గారు నాకిచ్చిన ఆస్తి. ఇది రాయడం పూర్తయ్యాక కూడా మొదటినుంచి ఒకసారి చదివి చూసుకున్నాను, ఆయన గురించి ఎక్కడైనా ఎక్కువ చెప్పానేమోనని.